పదకొండు రోజుల ఆటగాడు

తొంభైల్లో ఆరేళ్ళపాటు నేను ఖతార్‌లో ఇంటి డ్రైవరుగా పనిచేశాను. ఆ ఆరేళ్ళలో బండి ఎక్కడా గుద్దలేదు. ఇంట్లో ఒక్క వస్తువు ముట్టుకోలేదు. ఎవరి మీదా చెయ్యెత్తలేదు. మా కడప జిల్లా నుంచి అక్కడికి వచ్చినవాళ్ళు కొత్తవాళ్ళకు నన్ను చూపించి, ఆయన మాదిరి నడుచుకోండి అనేవాళ్ళు. నేను కాదనకుండా తల ఊపేవాణ్ణి. అందుకే ఇది రాయాలనిపించింది. నా మాట వల్ల ఒక మనిషికి రావలసిన పని రాకుండా పోయింది. ఆ మాట నేను పొరపాటున అన్నాను. పొరపాటని తెలిశాక కూడా దిద్దలేదు. మొదటిదాన్ని ఎవరైనా క్షమిస్తారు. రెండోదాని గురించే నేను చెప్పాలి.

మా యజమాని ఇల్లు అల్ ఘర్రాఫాలో ఉండేది. ఇంట్లో పనిచేసేవాళ్ళమంతా ఆయనను బాబా అని పిలిచేవాళ్ళం. వయసులో ఉన్నప్పుడు బడిపంతులుగా చేశాడట. గొంతు పెంచి మాట్లాడడం నేను వినలేదు. అబద్ధం మాత్రం సహించేవాడు కాదు. నాకు ముందున్న డ్రైవరు టైరు పంచరైందని చెప్పి, బండి వేసుకుని ఎక్కడో క్యాంపులో ఉన్న స్నేహితుడి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. ఆ సంగతి బయటపడ్డాక వారం తిరగకుండానే బాబా అతన్ని విమానం ఎక్కించాడు. నేను ఆ ఇంట్లో దిగిన రోజే వంటగదిలో పనిచేసే అక్క నాకు ఇది చెప్పింది. ఆమెది పశ్చిమ గోదావరి, నాకంటే పదేళ్ళు పెద్ద.

"ఇక్కడ గిన్నె పగిలితే ఫర్లేదు తమ్ముడూ. పగల్లేదని చెప్పావో, నీ పెట్టె సర్దుకోవడమే," అంది.

బాబా ఇంటి ప్రహరీలోనే వెనకవైపు ఒక చిన్న విల్లా ఉండేది. దాన్ని ఒక అమెరికా ఆయనకు అద్దెకిచ్చాడు. నలభై దాటిన మనిషి, ఒంటరిగా ఉండేవాడు. ఉత్తరాన గ్యాస్ ప్లాంటు కడుతున్న చోట ఏదో కంపెనీలో సేఫ్టీ డ్యూటీ. బాగా పొడుగు. నడిచేటప్పుడు కుడి భుజం ఎడమదానికంటే కిందికి జారి ఉండేది. గేటు దగ్గర నేను కనబడితే "సదీక్!" అని పలకరించేవాడు. అరబ్బీలో స్నేహితుడని అర్థం. నేను సార్ అనేవాణ్ణి. సాయంత్రాలు బాబా అతన్ని పిలిచి, అతిథులు కూర్చునే గది మజ్లిస్‌లో కూర్చోబెట్టుకునేవాడు. ఇద్దరూ ఖర్జూరాలు తింటూ చెరో భాషలో మాట్లాడుకునేవాళ్ళు. ఎంత అర్థమయ్యేదో తెలియదు గానీ, నవ్వులు వినబడేవి.

శుక్రవారం పొద్దున అతను బేస్‌బాల్ ఆడించేవాడు. ముఐథర్ దాటాక అప్పటికి ఇళ్ళు పడని ఖాళీ నేల చాలా ఉండేది. ఫిలిప్పీన్స్ వాళ్ళు, ఇద్దరు ముగ్గురు జపాన్ ఇంజనీర్లు, కొందరు అమెరికన్లు అక్కడ చేరేవాళ్ళు. సామాను మోయడానికి బాబా తన పికప్‌ను, దానితోపాటు నన్ను కూడా ఇచ్చాడు. రోకలిబండల్లాంటి బ్యాట్లు, తోలు గ్లౌజులు, ముగ్గు గీయడానికి సున్నం బస్తా. అవన్నీ దించి నేను వెంటనే ఇంటికి తిరిగి వచ్చేసేవాణ్ణి. బాబాను జుమ్మా నమాజుకు తీసుకెళ్ళాలి కాబట్టి. మళ్ళీ మధ్యాహ్నం వెళ్ళి సామాను ఎక్కించుకునేవాణ్ణి. కాబట్టి ఆ ఆట మొదలవడం గానీ ముగియడం గానీ నేను చూడలేదు. వాళ్ళు ఒళ్ళు వెచ్చబడడానికి బంతి ఒకరికొకరు విసురుకోవడం మాత్రమే చూశాను.

ఒకరోజు తిరిగి వస్తూ, "సార్, మీరు అమెరికాలో ఈ ఆట ఆడినారా?" అని నాకు వచ్చిన ఇంగ్లీషులో అడిగాను. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ జవాబు చెప్పాడు. నాకు అందింది ఇంతే: పెద్ద లీగులో త్రో చేశాను. పదకొండు రోజులు. మోచేయి. ఇక అయిపోయింది. చివరి మాట అంటూ ఎడమ చేత్తో కుడి మోచేయి పట్టుకున్నాడు.

నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఎందుకో చెప్పాలంటే నా సంగతి కొంత చెప్పాలి.

మేము చిన్నప్పటి నుంచి ఆడింది క్రికెట్. మా దగ్గర బంతి వేయడం వేరు, విసరడం వేరు. వేసేవాడు బౌలరు. మోచేయి వంచి విసిరేవాడు దొంగ. త్రో అనే ఇంగ్లీషు మాట మా కుర్రవాళ్ళలో ఒక తిట్టు. పందొమ్మిదేళ్ళప్పుడు నేను మా ఊరి జట్టులో అందరికంటే జోరుగా వేసేవాణ్ణి. రాజంపేట దగ్గర ఒక టోర్నమెంటులో అంపైరుగా నిలబడ్డ డ్రిల్లు మాస్టారు నా మొదటి ఓవరులోనే మూడు సార్లు నోబాల్ అన్నాడు. కాలు గీత దాటిందేమో అనుకుని కిందికి చూసుకున్నాను. ఆయన తన మోచేయి తట్టి చూపించాడు. చుట్టూ ఉన్న జనం గోల మొదలుపెట్టారు. "మామిడికాయలు రాల్చుకోపోరా!" అని ఎవడో అరిచాడు. మా కెప్టెన్ నా చేతిలోంచి బంతి తీసుకున్నాడు. ఆ తర్వాత నేను ఎప్పుడూ బంతి పట్టలేదు. నా చేయి నిజంగా వంగేదో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఖతార్‌లో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. శుక్రవారం సాయంత్రం అదే ఖాళీ నేలలో మావాళ్ళు టెన్నిస్ బంతితో ఆడేవాళ్ళు. నేను అంపైరుగా నిలబడేవాణ్ణి. ఎవరి మోచేయి కొంచెం వంగినా ఊరుకునేవాణ్ణి కాదు. నాకు నోబాలన్న అని పేరు పెట్టారు.

అమెరికా ఆయన మాట విన్న సాయంత్రం వాళ్ళకు ఆ కథ చెప్పాను. "మా ఇంటెనక ఉండాడే అమెరికా ఆయన, పెద్ద లీగులో ఆడినాడంట. పదకొండు దినాలకే పట్టుకున్నారు. మోచెయ్యి వంచి ఇసురుతాండాడని తీసేసినారు."

"అమెరికాలో గూడా నోబాల్ పడుతుందా అన్నా!"

"నువ్వు గిన అంపైరుగా ఉంటే పదకొండు దినాలు గూడా ఉండనిచ్చేటోనివి కాదు," అన్నాడు ఒక కరీంనగర్ కుర్రాడు. అందరూ పడీ పడీ నవ్వారు.

నేనూ నవ్వాను. ఆ నవ్వులో నాకు ఒక సుఖం దొరికింది. అంత పొడుగు మనిషి, అంత పెద్ద దేశంవాడు, నాకు జరిగిందే అతనికీ జరిగింది. ఇన్నేళ్ళుగా ఒక్కణ్ణే మోసిన సిగ్గుకు తోడు దొరికిందనుకున్నాను. ఆ తర్వాత నుంచి అతను సదీక్ అంటే మనసులోనే అవును అనుకునేవాణ్ణి.

ఆ ఎండాకాలానికి ముందు అతని కంపెనీ పని ముగియవచ్చింది. మే నెలతో కాంట్రాక్టు ఆఖరు. అదే సమయంలో ఊళ్ళో ఒక కొత్త ప్రైవేటు స్కూలు తెరవబోతున్నారు. దాన్ని పెడుతున్న పెద్దమనుషుల్లో బాబా ఒకడు. పిల్లలకు ఆటలు నేర్పే మాస్టారు కావాలని తెలిసి అమెరికా ఆయన అర్జీ పెట్టుకున్నాడు. ఆ సంగతి నాకు అతనే చెప్పాడు. సున్నం బస్తా దించుతూ, చిన్నపిల్లవాడు పరీక్ష ఫలితాల కోసం చూసినట్టు నా ముఖంలోకి చూస్తూ, "ఈ ఉద్యోగం వస్తే ఇక్కడే ఉంటాను సదీక్. రాకపోతే మా బావమరిది టైర్ల షాపే," అన్నాడు. "పిల్లలకు చెయ్యి ఎట్లా కాపాడుకోవాలో చెప్పాలని ఉంది. నాకు ఎవరూ చెప్పలేదు."

ఆ చివరి మాట కూడా నేను నా అర్థంలోనే విన్నాను.

మరుసటి బుధవారం బాబాను తీసుకుని వెళ్తున్నాను. ఆయన వెనక సీట్లో కాగితాలు తిరగేస్తున్నాడు.

"ఆ అమెరికన్‌ను శుక్రవారాలు నువ్వే తీసుకెళ్తావు కదా," అన్నాడు. "మనిషి ఎట్లాంటివాడు?"

"జైన్ బాబా. మంచి మనిషి."

"ఇందులో పెద్ద లీగు అని రాసి ఉంది. పదకొండు రోజులే. ఎందుకు తక్కువ?"

తెలియదని చెప్పవచ్చు. అతన్నే అడగండి అని చెప్పవచ్చు. కానీ యజమాని నన్ను ఒక సంగతి అడిగాడు, ఆ సంగతి ఆ ఇంట్లో నాకొక్కడికే తెలుసు. అంతే, నాలుక ఆగలేదు. స్టీరింగు మీద నుంచి కుడి చెయ్యి తీసి, మోచేయి వంచి చూపించాను. అరబ్బీలో మోసానికి గష్ అంటారు. నాకు వచ్చిన కొద్ది అరబ్బీ మాటల్లో అది ఒకటి, పిల్లలు కేరమ్స్ ఆడుతూ అరుచుకుంటుంటే నేర్చుకున్నాను.

"ఆటలో గష్ బాబా. అందుకే తీసేశారు."

"గష్?" బాబా కాగితాలు మూశాడు. "నీకెవరు చెప్పారు?"

"అతనే చెప్పాడు. అందరికీ తెలుసు."

అందరికీ తెలుసు అన్నది ఎందుకన్నానో నాకే తెలియదు. నేను చెప్పిన ముఐథర్ కుర్రవాళ్ళకు తప్ప అది ఎవరికీ తెలియదు. మాటకు బలం రావాలని ఆ రెండు పదాలు తగిలించాను. బాబా ఇంకేమీ అడగలేదు. దిగేటప్పుడు మాత్రం, "పిల్లలకు నేర్పేవాడు," అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

శుక్రవారం బాబా కుటుంబంతో బంధువుల తోటకు వెళ్ళాడు, వాళ్ళ బండిలోనే. నాకు ఇంటికి తిరిగి వెళ్ళే పని లేదు. మొదటిసారిగా ఆ ఆట చూద్దామని పికప్ నీడలో కూర్చున్నాను.

మట్టి దిబ్బ మీద ఒక జపాన్ ఇంజనీరు బంతి పట్టుకుని నిలబడ్డాడు. కాలు ఎత్తి, మోచేయి బాగా వంచి, కొరడా విదిలించినట్టు విసిరాడు. బ్యాటు పట్టుకున్నవాడు తప్పిపోయాడు. అలవాటు ఎక్కడికి పోతుంది, నేను లేచి నిలబడి, "నోబాల్!" అని గట్టిగా అరిచాను.

ఆట ఆగిపోయింది. అందరూ నావైపు తిరిగారు. నేను నా మోచేయి తట్టి చూపించాను. నా పక్కన కూర్చుని ఉన్న ఫిలిప్పీన్స్ ఏసీ మెకానిక్ పొట్ట పట్టుకుని నవ్వాడు. అతను నాకు ముందు నుంచీ తెలుసు, మా ఇంటి ఏసీలు బాగుచేసేవాడు.

"నోబాల్ మాఫీ, భాయ్!" అన్నాడు. లేదని చెప్పడానికి అక్కడ అందరికీ మాఫీయే. "ఇది బేస్‌బాల్. ఇందులో సబ్ లోగ్ త్రో. త్రో చేయడమే పని. చెయ్యి వంచకపోతే బంతి ఎట్లా పోతుంది?"

"మరి సార్‌ను ఎందుకు తీసేసినారు? మోచెయ్యి అన్నాడు కదా."

"తీసేసింది ఎవరు? ఇరిగిపోయింది. లోపల తాడు తెగింది. నువ్వు చూడలేదా?" అని అమెరికా ఆయనను కేకేశాడు. "కోచ్! ఇతనికి నీ మోచెయ్యి చూపియ్!"

అతను నవ్వుతూ వచ్చాడు. చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మోచేయి లోపలివైపు జానెడు పొడుగున కత్తి గాటు, రెండువైపులా కుట్ల గుర్తులు.

నా ముఖం చూసి జాలిపడుతున్నానని అనుకున్నాడు. పికప్ వెనక తలుపు మీద కూర్చుని, ఆ రోజు మొత్తం చెప్పాడు. మెకానిక్ మధ్యమధ్యలో హిందీలో అందించాడు.

అతని నాన్న కొయ్య మిల్లులో పనిచేసేవాడు. పిల్లవాడి చెయ్యిలో జోరు ఉందని మొదట చూసింది తల్లి. కోళ్ళ మీదికి వచ్చిన నక్కను రాయి విసిరి తరిమాడట. పద్దెనిమిదేళ్ళకు చిన్న ఊళ్ళ జట్లలో చేరాడు. ఏడేళ్ళు అక్కడే. రాత్రంతా బస్సు, పగలంతా ఆట, ఇద్దరికి ఒక మంచం. పెద్ద లీగు నుంచి ఎప్పటికైనా పిలుపు వస్తుందని ఏడేళ్ళూ పెట్టె విప్పి సర్దుకోలేదట. ఎనిమిదో ఏడు, పెద్ద జట్టులో ఒకడికి జ్వరం వచ్చి ఇతనికి పిలుపు వచ్చింది. వీపు మీద అతని పేరు కుట్టిన చొక్కా ఇచ్చారు. ఆ రాత్రి హోటల్లో తనకొక్కడికే గది. నిద్రపట్టక ఆ చొక్కాను కుర్చీకి తొడిగి ఎదురుగా పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడట.

మూడు ఆటల్లో బంతి ఇచ్చారు. మొదటిదాంట్లో బంతి సరిగ్గా పడలేదు. రెండోదాంట్లో ఊరంతా పేరు చెప్పుకునే ఒక ఆటగాణ్ణి అవుట్ చేశాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు లేచి నిలబడి, ఆ బంతి ఎట్లా పట్టుకున్నాడో వేళ్ళు పెట్టి చూపించాడు. పదకొండో రోజు మూడో ఆట. ఒక బంతి విసిరినప్పుడు మోచేతిలో ఏదో పుటుక్కుమంది.

"అప్పుడే ఆపాలి," అన్నాడు. "చెప్తే తీసేస్తారని చెప్పలేదు. ఇంకా రెండు విసిరాను. డాక్టరు అన్నాడు, ఆ రెండూ విసరకపోతే చెయ్యి మిగిలేదేమోనని."

నేను తల దించుకున్నాను. మాస్టారును ఎంచే స్కూలు వాళ్ళ కమిటీ ఆదివారం కూర్చుంటుందని అతనే చెప్పాడు. రేపు శనివారం. ఇంకా ఒక రోజు ఉంది.

ఆ సాయంత్రం వంటగది గుమ్మంలో నిలబడి అక్కకు అంతా చెప్పాను. ఆమె కొత్తిమీర తరగడం ఆపింది.

"అందరికీ తెలుసు అని కూడా అన్నావా?"

"అన్న్యా అక్కా."

"ఏం మడిసివయ్యా నువ్వు! సరే, అయిపోయింది. బాబా రాగానే వెళ్ళి చెప్పు. నాకు అర్థం కాక అన్నాను, తప్పయింది అని కాళ్ళ మీద పడు."

"నన్ను పంపించేస్తే? ఈ నెల్లోనే వీసా రెన్యూవల్ ఉండాది."

"పంపిస్తే వెళ్తావు. నీకు వెళ్ళడానికి ఇల్లుంది, పెళ్ళాం ఉంది. ఆయనకేవుందయ్యా?"

చెప్తానన్నాను. చెప్తాననే అనుకున్నాను కూడా. ఆ రాత్రి బాబా అలసిపోయి వచ్చాడు, పొద్దున చెప్దామనుకున్నాను. పొద్దున ఆయన దగ్గర ఎవరో ఉన్నారు, సాయంత్రం బండిలో చెప్దామనుకున్నాను. అట్లా వాయిదా వేయడానికి మనసు ఎన్ని మంచి కారణాలు చూపిస్తుందో ఆ ఒక్క రోజులో నేర్చుకున్నాను.

శనివారం సాయంత్రం బండిలో నాకు ఏ శ్రమా లేకుండా బాబాయే ఆ మాట ఎత్తాడు.

"నువ్వు అమెరికన్ గురించి చెప్పింది నేను ఇంకా ఎవరికీ చెప్పలేదు," అన్నాడు. "ఒక మనిషి మీద అట్లాంటి మాట చెప్పడం తేలిక కాదు. రేపు చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. నువ్వు సరిగ్గానే విన్నావా? నీకు గట్టిగా తెలుసా?"

అంతకంటే తలుపు తెరిచి పట్టుకునేవాళ్ళు ఎవరుంటారు. ముందు సిగ్నల్ ఎర్రగా ఉంది. బండి ఆగి ఉంది. లేదు బాబా, నాదే తప్పు అనడానికి కావలసిన అరబ్బీ నాకు వచ్చు. అద్దంలో ఆయన కళ్ళు నన్నే చూస్తున్నాయి. ఆ క్షణంలో నాకు కనబడింది ఆ అమెరికా ఆయన కాదు. నాకు ముందు పనిచేసిన డ్రైవరు, తాళ్ళతో కట్టిన అతని పెట్టె. ఊళ్ళో దిగితే, ఏమైంది ఎందుకు పంపించినారు అని అడిగే జనం. మామిడికాయలు రాల్చుకోపోరా అన్న ఆ గోల.

"తెలుసు బాబా," అన్నాను.

సిగ్నల్ పచ్చబడింది. బండి కదిలించాను.

ఆ ఉద్యోగం అతనికి రాలేదు. స్కూలు నుంచి మర్యాదగా ఒక ఉత్తరం వచ్చిందట. మజ్లిస్‌కు అతన్ని పిలవడం బాబా మానేశాడు. అతను రెండు మూడు సాయంత్రాలు విల్లా గుమ్మంలో కూర్చుని మజ్లిస్ దీపాల వైపు చూస్తుండడం నా గది కిటికీలోంచి కనబడేది. అక్క నాతో పది రోజులు మాట్లాడలేదు. అన్నం మాత్రం గిన్నెలో పెట్టి గది ముందు పెట్టి వెళ్ళేది. నా వీసా రెన్యూ అయింది. పాస్‌పోర్టు తెచ్చి ఇస్తూ బాబా, "మబ్రూక్," అన్నాడు. శుభమని.

జూన్ మొదట్లో అతను వెళ్ళిపోయాడు. ఎంతైనా తన ఇంట్లో ఉన్న మనిషని బాబా నన్నే ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్ళమన్నాడు. గేటు దగ్గర చెయ్యి కలిపాడు గానీ, ముక్కుకు ముక్కు తాకించే వాళ్ళ పలకరింపు లేదు. అంతకుముందు ఉండేది.

మధ్యాహ్నపు ఎండ. సముద్రం పక్కకు వచ్చాక అతను నోరు విప్పాడు.

"స్కూల్లో ఒకతను నాకు చెవిలో చెప్పాడు సదీక్. నేను ఆటలో మోసం చేశానని ఎవరో అన్నారట." కొంచెం నవ్వాడు. "మోసం చేసేంతసేపు కూడా నేను పెద్ద లీగులో లేను. నేను ఎవరి మనసైనా నొప్పించానా? ఇక్కడివాళ్ళ సంగతి నీకు తెలుసు కదా. నేను ఏం తప్పు చేశాను?"

బండి పక్కకు తీసి ఆపాను. అప్పుడు చెప్పాను. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. క్రికెట్లో త్రో తప్పు. నేను క్రికెట్ మనిషిని. మీరు త్రో అన్నారు, మోచేయి అన్నారు. బాబా అడిగాడు. నేను గష్ అన్నాను. నేనే అన్నాను సార్.

అతనికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. నేను నా మోచేయి వంచి, తట్టి, మళ్ళీ చెప్పాను. ఉన్నట్టుండి పెద్దగా నవ్వాడు. నిజంగానే నవ్వాడు, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా. నా భుజం మీద చెయ్యి వేశాడు కూడా.

"త్రో!" అన్నాడు. "దేవుడా. ఒక్క మాట!"

అతను క్షమించేశాడని అనుకున్నాను. నా గుండె తేలికపడుతోంది. అప్పుడు అతని నవ్వు మెల్లగా ఆగింది. నన్ను చూస్తూ ఏదో లెక్కేసుకుంటున్నట్టు కనబడ్డాడు.

"నువ్వు నోబాల్ అని అరిచింది శుక్రవారం," అన్నాడు. "నా మోచెయ్యి చూసింది శుక్రవారం."

"అవును సార్."

"కమిటీ ఆదివారం."

నేను స్టీరింగు మీదికి చూపు దించాను.

"శనివారం నువ్వు ఏం చేశావు?"

అతను కోపంగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగాడు. బాబా అడిగిన సంగతి, సిగ్నల్ దగ్గర నేను తెలుసని చెప్పిన సంగతి అతనికి తెలియదు. చెప్పకుండా ఊరుకుంటే, ధైర్యం చాలక నోరు మెదపలేదని అనుకుంటాడు. ఆ అబద్ధం కూడా నాకు అందుబాటులోనే ఉంది. అదొక్కటీ ముట్టుకోలేదు.

"బాబా మళ్ళీ అడిగినాడు సార్. నిజమేనా అని. నేను అవునన్నాను."

నా భుజం మీద నుంచి చెయ్యి తీసుకున్నాడు. ముందుకు తిరిగి, సీటు బెల్టు సరిచేసుకుని, "బండి పోనివ్వు," అన్నాడు. ఎయిర్‌పోర్టు దగ్గర నేను దిగేలోపే పెట్టెలు తనే దించుకున్నాడు, ఎడమ చేత్తో. సదీక్ అనలేదు. వెనక్కి తిరిగి చూడలేదు. అతను లోపలికి వెళ్ళిపోయాక కూడా నేను చాలాసేపు అక్కడే ఉన్నాను. పోలీసు వచ్చి, యల్లా యల్లా అని తోలాడు.

ఇంటికి వచ్చి నేరుగా బాబా దగ్గరికి వెళ్ళాను. ఆయన మధ్యాహ్నం దాటాక చేసే అస్ర్ నమాజు ముగించి కూర్చుని ఉన్నాడు. అంతా చెప్పాను. క్రికెట్ సంగతి, నా ఊళ్ళో జరిగింది, శుక్రవారం, శనివారం. పాస్‌పోర్టు ఆయన ముందు పెట్టాను.

బాబా దాన్ని ముట్టుకోలేదు.

"నా ఇంట్లో ఉప్పు తిన్న మనిషి," అన్నాడు. "అతని ముఖం మీద నేను తలుపు వేశాను. నీ చేత్తో వేశాను." తర్వాత పాస్‌పోర్టు నావైపు జరిపాడు. "నిన్ను పంపిస్తే నా తప్పు కూడా నీతో పోతుందా? నేను అతన్నే అడగాల్సింది. డ్రైవర్ని అడిగాను."

మరుసటి రోజు స్కూలు వాళ్ళకు ఫోన్ చేసి నిజం చెప్పాడు. అప్పటికే వాళ్ళు వేరే అతన్ని తీసుకున్నారు. కంపెనీ ద్వారా విలాసం సంపాదించి అమెరికాకు ఉత్తరం రాయించాడు. జవాబు రాలేదు. ముఐథర్ కుర్రవాళ్ళకు కూడా నేను చెప్పాను. వాళ్ళు అంతగా పట్టించుకోలేదు. "పోనీలే అన్నా, తెలీక అన్న్యావు," అన్నారు. రెండోసారి తెలిసే అన్నానని చెప్పబోతే, బంతి పడింది, జరుగు అన్నా అని కేకేశారు. ఆ వారం నుంచి నేను అంపైరుగా నిలబడలేదు.

ఇంకా మూడేళ్ళు బాబా దగ్గరే పనిచేశాను. నా జీతం తగ్గించలేదు, పండగకు బట్టలు ఆపలేదు, పిల్లలను నా బండిలో పంపడం మానలేదు. రెండేళ్ళ తర్వాత వెనక విల్లాలోకి ఒక ఈజిప్టు డాక్టరు దిగాడు. ఆయనను కూడా అప్పుడప్పుడు నేనే ఆసుపత్రి దగ్గర దింపేవాణ్ణి. ఒకరోజు బండిలో బాబా, "ఆ డాక్టరు మనిషి ఎట్లా..." అని మొదలుపెట్టాడు. అద్దంలో మా కళ్ళు కలిశాయి. ఆయన మాట అక్కడే ఆపేసి కిటికీ వైపు తిరిగాడు. నేను రోడ్డు చూస్తూ బండి నడిపాను. ఏ మనిషి గురించీ బాబా నన్ను ఇంకెప్పుడూ అడగలేదు.